ఇద్దరికే చోటున్న కారు

పిల్లలిద్దరూ ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయాక మాకీ ఇల్లు పెద్దదైపోయింది. అమ్మేసి చిన్నదాంట్లోకి మారదామని 2023 వేసవిలో గరాజ్ సర్దడం మొదలుపెట్టాం. న్యూజెర్సీలో మా ఈడు తెలుగువాళ్ళ గరాజ్‌లలో కారు తప్ప అన్నీ ఉంటాయి. బియ్యం బస్తాలు, ఇండియా వెళ్ళినప్పుడల్లా కొన్న సూట్‌కేసులు, బొమ్మల కొలువు పెట్టెలు, పెద్ద గ్రైండరు, పిల్లల చిన్నప్పటి సైకిళ్ళు. మా గరాజ్‌లో వీటన్నిటి కిందా ఒక కారు కూడా ఉంది. నీలం రంగు మాజ్డా మియాటా, 1992 మోడల్. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు. 2009 నుంచి అది కదల్లేదు.

"దీన్ని తుక్కుకిచ్చేద్దాం. మూడొందల డాలర్లిచ్చి వాళ్ళే వచ్చి లాక్కుపోతారట," అన్నాడు మా ఆయన.

"అది నాది కదండీ," అన్నాను.

"నీదే, కాదని ఎవరన్నారు? టైటిల్ నా పేరు మీదుంది, సంతకం నేను పెట్టాలి, అందుకని చెప్తున్నా."

టైటిల్ అంటే ఇక్కడ కారుకి యాజమాన్య పత్రం. మనూళ్ళో ఇంటికి దస్తావేజు ఎలాగో ఇదలాగ. ఇరవై రెండేళ్ళ కిందట నా జీతం డబ్బుతో కొన్న కారుకి ఆ కాగితం ఎవరి పేరు మీదుందో నేనెప్పుడూ చూడలేదు. నేను ఉద్యోగంలో ఉంటే మా ఆయన ఆరోజు సెలవుపెట్టి వెళ్ళి కాగితాల పని చూసుకొచ్చాడు. మోసం చెయ్యాలనే ఉద్దేశం అతనికి లేదు. కాగితాల పని అతనిది, వంటపని నాది అనే అలవాటు తప్ప అందులో ఇంకేం లేదు. కానీ ఆ అలవాటు వల్లే నా కారు మూడొందల డాలర్ల తుక్కు కాబోతోందని ఆ శనివారం మధ్యాహ్నం నాకు తెలిసింది.

"నడిస్తే?" అన్నాను.

"ఏది?"

"అది నడిస్తే?"

అతను నవ్వాడు. ఎగతాళిగా కాదు. పసిపిల్ల ఏదో అంటే నవ్వినట్టు. అది ఇంకా కష్టంగా ఉంటుంది.

ఆ కారు కథ చెప్పాలంటే 1993 దగ్గరికి వెళ్ళాలి. ఎం.ఏ. చదివి, తెనాలిలో రెండేళ్ళు జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి, హెచ్-4 వీసా మీద ఈ దేశం వచ్చాను. హెచ్-1 మీద ఉద్యోగం చేసేవాళ్ళ భార్యలకి ఇచ్చే వీసా అది. దానిమీద వచ్చినవాళ్ళు బతకవచ్చు, చదువుకోవచ్చు, పిల్లల్ని కనవచ్చు. జీతానికి పని చెయ్యకూడదు. 2015 మే నెలలో మాత్రమే, అదీ అందులో కొందరికి మాత్రమే, ఆ అడ్డు తొలిగింది. మా తరానికి ఆ వెసులుబాటు లేదు. ఆరేళ్ళు ఇంట్లో ఉన్నాను. ఎవరూ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. ఊరికే ఉన్నాను, అంతే. ఊరికే ఉండటం విశ్రాంతి అనుకునేవాళ్ళకి ఊరికే ఉండటం తెలియదు.

1999లో గ్రీన్ కార్డు వచ్చాక ఒక కాలేజీ గ్రంథాలయంలో చేరాను. రెండేళ్ళు దాచి, 2001లో నాలుగువేల రెండొందల డాలర్లకి ఈ కారు కొన్నాను. ఎందుకు కొన్నావని అప్పుడు అందరూ అడిగారు. రోజూ ఉద్యోగానికి వెళ్ళే దారిలో అమ్మకానికి పెట్టి ఉండేది. బానెట్ మీద దీపాలు లోపలికి ముడుచుకుని, మీట నొక్కితే కప్పకళ్ళలా పైకి లేచేవి. నాకు నచ్చింది. నచ్చింది కాబట్టి ఒక వస్తువు కొనుక్కోవడం అప్పటికి నా జీవితంలో అదే మొదలు.

మియాటాని 1989 ఫిబ్రవరిలో షికాగో ఆటో షోలో మొదట చూపించారు. తర్వాత పదిలక్షలకి పైగా అమ్ముడై, రెండు సీట్ల స్పోర్ట్స్ కార్లలో ప్రపంచ రికార్డు తెచ్చుకుంది. అయినా మగవాళ్ళలో దానికో వెక్కిరింపు పేరుంది. అమెరికాలో దాన్ని అమ్మాయిల కారంటారు, ఇంగ్లండులో మంగలిషాపు అమ్మాయిల కారంటారు. చిన్నది, తేలిక, గుండ్రటి మొహం. ఒక వస్తువుని కించపరచాలంటే దాన్ని ఆడదాన్ని చేస్తే చాలు. తమాషా ఏమిటంటే, అమ్మాయిల కారని పేరుపెట్టినా దాని బానెట్ మాత్రం అమ్మాయిలు ఎత్తుతారని ఎవరూ అనుకోరు.

మావాళ్ళ అభ్యంతరం వేరు. "ఇద్దరికే చోటున్న కారేమిటే అమ్మాయ్? మిగతావాళ్ళెక్కడ కూర్చుంటారు?" అన్నారు మా అత్తయ్యగారు ఇండియా నుంచి ఫోనులో. న్యాయమైన ప్రశ్నే. అందరూ పట్టే కారు ఇంట్లో ఇంకోటి ఉందని, ఇందులో పొద్దున నలభై నిమిషాలు, సాయంత్రం నలభై నిమిషాలు నేనొక్కదాన్నే ఉంటానని చెప్పడం ఎలాగో నాకు తెలియలేదు. 2009లో ఆవిడకి పక్షవాతం వచ్చి మా దగ్గరికి వచ్చేశారు. నేను ఉద్యోగం సగం పూటకి తగ్గించుకున్నాను. చక్రాల కుర్చీ పట్టే వ్యాన్ కొన్నాం. మియాటాకి ఇన్సూరెన్స్ దండగన్నారు, నేనూ ఔనన్నాను. దానిమీద దుప్పటి కప్పి, దుప్పటి మీద పెట్టెలు పెట్టాం.

గ్రంథాలయ ఉద్యోగానికి ఒక లాభం ఉంది. వేరే ఊరి గ్రంథాలయం నుంచి ఆ కారు వర్క్‌షాప్ మాన్యువల్ తెప్పించాను. అంతకుముందు ఒక మెకానిక్ దగ్గరికి వెళ్ళాం. ప్రశ్నలన్నీ నేనడిగాను, జవాబులన్నీ మా ఆయనకి చెప్పాడు. చివరికి "దీనిమీద డబ్బు పెట్టకండి సార్" అన్నాడు. ఇక ఇంట్లోనే చేద్దామనుకున్నాను.

ఏళ్ళ తరబడి ఆగిన కారుని బాగుచెయ్యడంలో మొదటి సూత్రం, తాళం తిప్పకూడదు. మొదట తిప్పాలనిపించేది అదే. కానీ సిలిండర్ల గోడలమీద నూనె ఎండిపోయి ఉంటుంది. ట్యాంకులో పెట్రోలు కుళ్ళి ఉంటుంది. ఒక్కసారిగా తిప్పితే, అన్నేళ్ళు ఏ దెబ్బా తినకుండా ఉన్న ఇంజన్ ఆ అరనిమిషంలో పాడైపోవచ్చు. నడిచి అరిగిన బండి కంటే నడవక చెడిన బండికి రోగాలు ఎక్కువని నాకు అప్పుడే తెలిసింది. టైర్ల మీద 3206 అని అంకె ఉంది. 2006లో ముప్ఫై రెండో వారంలో చేసిన టైర్లని అర్థం. చూడ్డానికి లోతుగా గాళ్ళు కనిపిస్తున్నాయి, పక్కగోడలు మాత్రం ఎండిన చెరువులా బీటలు వారాయి. బ్రేకు నూనె గాలిలో తడిని పీల్చుకుని టీ డికాక్షన్ రంగుకి వచ్చింది. గాలి వడపోసే డబ్బాలో ఎలుక గూడు పెట్టింది. మా బొమ్మల కొలువు బట్టల పోగులే అందులో ఉన్నాయి.

మా నాన్నకి ఏళ్ళ తరబడి ఎదురుచూశాక వచ్చిన బజాజ్ చేతక్ ఉండేది. స్టార్టవకపోతే పక్కకి వొంచి మళ్ళీ నిలబెట్టి కిక్ కొట్టేవాడు. అప్పటికీ కాకపోతే ప్లగ్గు విప్పి ఎమరీ కాగితంతో రుద్దేవాడు. పక్కన పానా పట్టుకుని నిలబడే పని నాది, రుద్దే పని తమ్ముడిది. ఆయుధపూజ రోజున మాత్రం దానికి పసుపు, కుంకుమ పెట్టడం, చక్రం కింద నిమ్మకాయ పెట్టడం అమ్మా నేనూ చేసేవాళ్ళం. యంత్రానికి పూజ చెయ్యడానికి పనికొచ్చిన చేతులు దాని ప్లగ్గు విప్పడానికి పనికిరావని మాకెవరూ చెప్పలేదు. చెప్పాల్సిన అవసరమే రాలేదు.

యాభై ఏడేళ్ళ వయసులో మొదటిసారి నేను ప్లగ్గులు విప్పాను. నాలుగు. ఒక్కొక్క రంధ్రంలో రెండు చెంచాల నూనె పోసి మూడు రోజులు వదిలేశాను. తర్వాత ఇంజన్ ముందువైపు కింద ఉండే పెద్ద బోల్టుకి 21 మిల్లీమీటర్ల సాకెట్ తగిలించి, పొడుగు కాడతో చేత్తో తిప్పాను. కదల్లేదు. ఇంకా బలం పెట్టి విరగ్గొట్టకూడదు. మళ్ళీ నూనె పోశాను. ఆరోరోజు పొద్దున, వంటింట్లో కుక్కర్ పెట్టి వచ్చి కాడ పట్టుకుంటే, మెత్తగా, బరువుగా, పిండి రుబ్బేటప్పుడు పొత్రం కదిలినట్టు కదిలింది. ఒక పూర్తి చుట్టు తిప్పాను. కుక్కర్ ఎన్ని కూతలు వేసిందో లెక్కపెట్టలేదు.

ఇంజన్ ఆయిల్ మార్చడంలో ఒక చిన్న విజయం ఉంది. ఈ కారు ఆయిల్ ఫిల్టర్ ఇంజన్ పక్కన గొట్టాల కింద ఇరుకులో ఉంటుంది. చెయ్యి పట్టదని మగవాళ్ళు విసుక్కుంటారు. నా చెయ్యి సునాయాసంగా వెళ్ళింది. గాజులు తీసి పక్కన పెట్టాల్సి వచ్చింది, అంతే.

పెట్రోలు తియ్యడం భయపెట్టింది. కారుని వాకిట్లోకి నెట్టించి, మంటలార్పే డబ్బా పక్కన పెట్టుకున్నాను. బ్యాటరీ ఈ కారుకి వెనక డిక్కీలో ఉంటుంది, కొత్తది వేశాను. బానెట్ కింద ఒక చిన్న పెట్టె, అందులో రెండు గుంటలు. ఆ రెంటినీ ఒక తీగముక్కతో కలిపి తాళం ఆన్ చేస్తే, ఇంజన్ తిరక్కుండానే పెట్రోలు పంపు నడుస్తుంది. ఊడదీసిన గొట్టం చివర డబ్బాలో పెట్టి తీగ కలిపాను. పంపు కాసేపు మూలిగి, వార్నిష్ కంపు కొట్టే గోధుమరంగు ద్రవాన్ని కక్కడం మొదలుపెట్టింది.

ఆ తీగముక్క చేతిలో ఉన్నప్పుడు బెర్తా బెంజ్ గుర్తొచ్చింది. 1888 ఆగస్టులో భర్తకి చెప్పకుండా, ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకుని, మూడు చక్రాల మోటారు బండిలో మాన్‌హైమ్ నుంచి ఫోర్‌ట్సైమ్ దాకా వంద కిలోమీటర్లకి పైగా వెళ్ళిన మనిషి. మోటారు బండి మీద అంత దూరం ప్రయాణించడం ప్రపంచంలో అదే మొదటిసారి. ఇంధనం గొట్టం పూడుకుపోతే టోపీ పిన్నుతో పొడిచి శుభ్రం చేసింది. తీగ తొడుగు అరిగిపోతే తన మేజోళ్ళ పట్టీ తీసి చుట్టింది. ఇంధనం అయిపోతే వీస్‌లాక్‌లో మందుల షాపులో కొంది. ఈ కథ చాలామందికి తెలుసు. అంతగా తెలియని సంగతి ఒకటుంది. కార్ల్ బెంజ్ వర్క్‌షాపు మూతపడే స్థితిలో ఉన్నప్పుడు, భాగస్వామి వాటా కొనడానికి పెళ్ళికి ముందే బెర్తా తన కట్నం సొమ్ములోంచి ఇచ్చింది. ఆ బండి తయారైంది ఆ తర్వాతే. 1886 నాటి పేటెంట్ మీద ఉన్న పేరు మాత్రం కార్ల్ బెంజ్‌ది. కట్నం అనే మాట మనకి ఎన్నో రకాలుగా తెలుసు. మోటారు కారు పుట్టుకలో కూడా అదుందని తెలిశాక, నా గరాజ్‌లో నేను ఒంటరిగా ఉన్నాననే భావన కొంత తగ్గింది.

క్లచ్ దగ్గర పని ఆగిపోయింది. పెడల్ తొక్కితే నేలకి అంటుకుని లేవడం లేదు. మాన్యువల్ తీసి చదివితే, పెడల్ దగ్గర ఉండే భాగం పేరు మాస్టర్ సిలిండర్, కింద గేర్‌బాక్స్ పక్కన ఉండేదాని పేరు స్లేవ్ సిలిండర్. యజమాని, బానిస. యజమాని పైన శుభ్రంగా గోడకి ఆనుకుని ఉంటాడు. బానిస కింద, రోడ్డు బురద కొట్టే చోట. ఈ కారులో ముందు పాడయ్యేది ఎప్పుడూ బానిసేనని మియాటా నడిపేవాళ్ళందరికీ తెలుసు. ఇలాంటి పేర్లు పెట్టిన ఇంజనీర్లకి వాటిలో ఏమీ వింతగా తోచి ఉండదు. తీగల కనెక్టర్లలో మగది, ఆడది అని ఉన్నట్టే. నేను రెండు సిలిండర్లూ కొత్తవి తెప్పించాను.

బిగించడం వరకూ ఒక్కదాన్నే చేశాను. కానీ గొట్టంలో గాలి తియ్యడానికి ఇద్దరు కావాలి. ఒకరు లోపల కూర్చుని పెడల్ తొక్కాలి, ఒకరు కింద పడుకుని చిన్న మర విప్పి బుడగలు పోనిచ్చి మళ్ళీ బిగించాలి. మర బిగించకముందే పెడల్ వదిలితే గాలి మళ్ళీ లోపలికి పోతుంది, చేసిందంతా వృథా. మా ఆయన్ని పిలిచాను. అతను చేతులు తుడుచుకుంటూ కారు కింద దూరబోయాడు.

"మీరు పైన కూర్చోండి," అన్నాను.

కారు స్టాండ్ల మీద ఉంది. జాకీ ఒక్కదాన్నే నమ్మి కింద దూరకూడదని నా మొదటి నియమం. అట్టముక్క మీద వెల్లకిలా పడుకుని అరిచాను.

"నొక్కండి."

"నొక్కా."

"అలాగే పట్టుకోండి. వదలకండి. ఇప్పుడు వదలండి."

"ఎన్నిసార్లు?"

"నేను చాలనేవరకూ."

కారు కింద నుంచి హుకుం ఇస్తూ కూడా నేనతన్ని మీరనే అంటున్నానని అప్పుడు తోచి నవ్వొచ్చింది. ఏమిటన్నాడు. ఏం లేదన్నాను. పదిహేను, పదహారోసారికి నూనె బుడగలు లేకుండా వచ్చింది. అతని మొహం నాకు కనిపించడం లేదు, చెప్పు మాత్రం కనిపిస్తోంది. మొహం కనిపించని చోట కొన్ని మాటలు తేలికవుతాయి.

"టైటిల్ నా పేరు మీదకి మార్చండి," అన్నాను.

"ఇప్పుడెందుకు? మనిద్దరివీ వేరువేరా?"

"వేరు కాకపోతే మార్చడానికి అభ్యంతరం ఏముంది?"

అతనేం మాట్లాడలేదు. పెడల్ మీద కాలు అలాగే ఉంది. "వదలండి" అన్నాను. వదిలాడు.

మర్నాడు నూనె ఒత్తిడి చూశాను. ప్లగ్గులు తీసేసి ఉంచి, పెట్రోలు పంపు ఆపి, స్టార్టర్‌తో ఇంజన్‌ని ఊరికే తిప్పాలి. 1994 దాకా వచ్చిన మియాటాల్లో నూనె ఒత్తిడి ముల్లు నిజమైన కొలత చూపిస్తుంది. పదిసెకన్లు తిప్పి, ఆగి, మళ్ళీ తిప్పాను. నాలుగోసారికి ముల్లు సున్నా మీంచి లేచింది. అప్పుడు ప్లగ్గులు బిగించి, కొత్త పెట్రోలు పోసి, గరాజ్ తలుపు బార్లా తీసి తాళం తిప్పాను. మొదటిసారి దగ్గింది. రెండోసారి అంటుకుంది. పోసిన నూనె కాలి తెల్లటి పొగ వీధిలోకి పోయింది. కవాటాల దగ్గర నూనె చేరేదాకా కుట్టుమిషన్‌లా టకటక చప్పుడు, పది నిమిషాలకి అది తగ్గింది. దీపాల మీట నొక్కితే ఒక కన్నే తెరుచుకుంది.

ఆ పొగలో నాకు అత్తయ్యగారు జ్ఞాపకం వచ్చారు. 2011లో ఒకరోజు నేను గరాజ్‌లో బియ్యం తీస్తుంటే ఆవిడ చక్రాల కుర్చీలో తలుపు దాకా వచ్చి, దుప్పటి అంచు ఎత్తి చూశారు. "దీన్లో నన్నొకసారి తిప్పవే, ఇద్దరికీ చోటుందిగా," అన్నారు. దీనికి రిజిస్ట్రేషన్ లేదు, ఇన్సూరెన్స్ లేదు, ఇంకోసారి చూద్దాం అన్నాను. చక్రాల కుర్చీ మనిషిని అంత కిందికి ఉండే సీటులో కూర్చోబెట్టి మళ్ళీ లేపడం నావల్ల కాదని కూడా అనుకున్నాను. ఆవిడ 2019లో పోయారు. ఇన్నేళ్ళూ ఆవిడ నా కారుని ఆపించారని లోపల ఒక లెక్క రాసుకున్నాను. ఎక్కాలని అడిగింది ఇంట్లో ఆవిడొక్కరే. ఆ లెక్క ఎలా సరిచేసుకోవాలో నాకింకా తెలియడం లేదు.

కొత్త టైర్లు, బ్రేకులు, టైమింగ్ బెల్టు పూర్తయ్యేసరికి శ్రావణమాసం వచ్చింది. టైటిల్ వెనక మా ఆయన సంతకం పెట్టాడు. అడిగిన పదిహేను రోజులకి, ఒక పొద్దున కాఫీ దగ్గర, మాటా పలుకూ లేకుండా కాగితం నా ముందు పెట్టి కలం తీశాడు. ఎంతకి అమ్మినట్టు రాయాలని అడిగాడు. అది నేను 2001లోనే కట్టేశాను, సున్నా వెయ్యమన్నాను. కార్యాలయంలో నేనే వరసలో నిలబడి మార్పించుకున్నాను.

వరలక్ష్మీ వ్రతానికి పిలిస్తే వెళ్ళాను. ఎంత తోమినా గోళ్ళ సందుల్లో గ్రీజు పోలేదు. వాయనం అందుకుంటుంటే ఇచ్చేవాళ్ళు నా వేళ్ళకేసి చూసి ఆగారు. చెప్పాను. కొందరు నవ్వారు, ఈ వయసులో ఎందుకన్నారు. ఒకావిడ, ఇరవై ఏళ్ళుగా పిల్లల్ని బడికీ డాన్సుకీ తిప్పిన మనిషి, నన్ను వంటింట్లోకి పిలిచి మెల్లగా అడిగింది.

"అక్కా, మా వ్యాన్ బానెట్ ఎలా తెరుచుకుంటుందో నాకు తెలీదు. చూపిస్తావా?"

పట్టుచీరల్లో ఇద్దరం వాకిట్లోకి వెళ్ళాం. మీట డ్రైవరు సీటు దగ్గర, ఎడమ మోకాలి పక్కనే ఉంది.